పన్నెండు మందిలో నలుగురు

కల్యాణవల్లి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. ప్రభుత్వం జీతాల ఖర్చు తగ్గించుకోదలచిందనీ, అవుట్‌సోర్సింగ్ సిబ్బందిలో మూడో వంతు మందిని ఈ నెలాఖరుకి తొలగించాలనీ, ఎవరెవరు మిగులు సిబ్బందో వాళ్ళ పేర్లు శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా చిత్తూరు జిల్లా ఆఫీసుకు పంపాలనీ అందులో ఉంది. ఆమె పనిచేసే ఆసుపత్రిలో అలాంటివాళ్ళు పన్నెండు మంది. అంటే నలుగురి పేర్లు రాయాలి.

ఆమె ఆ ఆసుపత్రి ఆఫీసు సూపరింటెండెంటు. తిరుచానూరులో కాపురం. రోజూ పొద్దున తిరుపతిలో రైలెక్కి పాకాలలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పావుగంట ప్రయాణం చేస్తే ఆ చిన్న ఊరు, ఊరి చివర యాభై పడకల ఆసుపత్రి. ఆరేళ్ళుగా ఇదే దారి. కాగితాల పనిలో ఆమె తప్పు పట్టుకున్నవాళ్ళు లేరు.

ఉత్తరం తీసుకుని పెద్ద డాక్టరు బాలచంద్ర గదికి వెళ్ళింది. ఆయన చదివి, మడిచి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

"ఎవురు ఏం పని చేస్తారో నాకంటే మీకే బాగా తెలుసు మేడం. మీరే రాయండి. నేను సంతకం పెడతాను."

మధ్యాహ్నానికల్లా సంగతి అందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందో ఆమె అడగలేదు. ఆమె బల్ల ఆ రోజు మూడుసార్లు తుడిచారు. పొద్దున ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడ్చారు. ఎప్పుడూ మందుల గది దగ్గర గుంపుగా కూచుని అన్నం తినేవాళ్ళు ఎవరి డబ్బా వాళ్ళు పట్టుకుని వేరువేరు మూలలకు పోయారు. గేటు దగ్గర కాపలా ఉండే ఓబయ్య ఏదో పని ఉన్నట్టు లోపలికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"నేను చెప్పినానని అనొద్దు మేడం. కాన్పుల వార్డులో మునెమ్మకి మోకాళ్ళు పని చెయ్యడం లేదు. ఆయమ్మ పని కూడా పక్క ఆయా వసంతమ్మే చేస్తా ఉండాది."

కల్యాణవల్లి తలెత్తలేదు. "సరే, నువ్వు గేటు దగ్గరికి పో ఓబయ్యా" అంది.

గురువారమంతా ఆ పన్నెండు పేర్లున్న కాగితం ఆమె సొరుగులోనే ఉంది. తీసి ఒక పేరు పక్కన పెన్సిలుతో చుక్క పెట్టేది, చెరిపేసేది. పేరు మీద చెయ్యి పెట్టగానే ఆ మనిషి ఎదురుగా వచ్చి నిలబడినట్టు ఉండేది. శుక్రవారం నాలుగున్నర దాకా అలాగే గడిచింది. అప్పుడు ఆమె కంప్యూటరు ముందు కూచుని, పన్నెండు మందీ ఏ వేళలో ఏం పని చేస్తారో ఒక పేజీలో రాసి, చివర ఒకే వాక్యం చేర్చింది: 'ఈ ఆసుపత్రిలో మిగులు సిబ్బంది ఎవరూ లేరు.' పేర్లు రాయాల్సిన గడులు నాలుగూ ఖాళీగా వదిలేసింది. డాక్టరు చదివి సంతకం పెట్టాడు. అయిదుకు పది నిమిషాలుండగా అది చిత్తూరు చేరింది.

ఆ సాయంత్రం రైల్లో ఆమెకు ఆ ఉత్తరం వచ్చాక మొదటిసారి గాలి ఆడినట్టనిపించింది. ఇంటికెళ్ళి భర్త సంపత్కుమార్‌కు చెబితే ఆయన తల ఊపాడు.

"మంచి పని చేసినావు. కానీ వాళ్ళు ఊరుకుంటారా వల్లీ?"

ఊరుకోలేదు. నెలాఖరుకు రెండు రోజుల ముందు ఉత్తర్వు వచ్చింది. నాలుగు పేర్లూ చిత్తూరు వాళ్ళే వేసేశారు. మొదటి పేరు మునెమ్మది.

కల్యాణవల్లికి అది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మునెమ్మ పద్నాలుగేళ్ళుగా కాన్పుల వార్డులో ఆయా. ఆ చుట్టుపక్కల పల్లెల్లో సగం మంది పిల్లల్ని మొదట తుడిచి గుడ్డలో చుట్టింది ఆమే. కానీ మూడేళ్ళ కిందట మనుషుల్ని పంపే ఏజెన్సీ మారినప్పుడు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పుస్తకంలో ఒక పేరు ఉన్నాయని ఆమె కాగితాలు రెండు నెలలు ఆగిపోయాయి. ఆ రెండు నెలలూ పని చేసింది గానీ, ఏజెన్సీ లెక్కలో మాత్రం అందరి తర్వాత చేరినట్టు పడింది. చిత్తూరులో చేరిన తేదీలు చూసి, కింది నుంచి నాలుగు పేర్లు తీసుకున్నారు. ఆ కాగితాల తిప్పలు పడింది కల్యాణవల్లే. ఆ సంగతి తెలిసిన మనిషి ఆసుపత్రిలో ఆమె ఒక్కతే.

మునెమ్మ ఉత్తర్వు పట్టుకుని ఆమె గదికి వచ్చింది. కుర్చీ చూపించినా కూచోలేదు.

"మీరు పేర్లు రాయలేదంట గదా మేడం."

"లేదు మునెమ్మా. ఒక్క పేరు కూడా రాయలేదు."

"రాసుంటే నా పేరు రాసేవాళ్ళా?"

కల్యాణవల్లి నిజమే చెప్పింది. "రాసేదాన్ని కాదు."

"అయితే రాసుండాల్సింది" అంది మునెమ్మ. గొంతు పెంచలేదు, ఏడవలేదు. వార్డు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

పన్నెండు రోజులు గడిచాయి. ఆ రోజు పదకొండు గంటలప్పుడు కాన్పుల గది వైపు నుంచి కేక వినిపించింది. నర్సు లోకేశ్వరి గొంతు. అంతకు గంట ముందు ఒక ఆటోలో నొప్పులతో వచ్చిన పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, ఆ వెనకే వచ్చిన ఇంకొక పిల్లను స్కానింగుకు తీసుకుపోయింది వసంతమ్మ. డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు. కల్యాణవల్లి పరిగెత్తుకుని వెళ్ళింది. బిడ్డ పుట్టింది. తల్లికి నెత్తురు ఆగడం లేదు. లోకేశ్వరి రెండు చేతులతో ఆ పిల్ల పొట్ట గట్టిగా అదిమి పట్టుకుని ఉంది, చేతులు తీసే వీలు లేదు.

"ఫ్రిజ్‌లో ఇంజెక్షన్ ఉంది మేడం. తీసుకురండి. తొందరగా రండి."

ఫ్రిజ్ ఎక్కడుందో కల్యాణవల్లికి తెలియదు. ఆ గది కాదు, పక్క గది. తలుపు తీయబోతే తాళం. రెండు తాళంచెవుల్లో ఒకటి వసంతమ్మ దగ్గర, మునెమ్మ పెట్టిపోయింది తన బల్ల సొరుగులోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ ఆఫీసుకు పరుగు. తిరిగొచ్చి ఫ్రిజ్ తెరిస్తే అరల నిండా ఒకేలాంటి పెట్టెలు. పేర్లు చదువుతుంటే అక్షరాలు కదిలిపోతున్నాయి. చివరికి మూడు పెట్టెలు ఒళ్ళో వేసుకుని తీసుకెళ్ళింది. లోకేశ్వరి వాటిలో ఒకటి చూపించి, ఎలా తియ్యాలో చెబుతుంటే ఆమె తీసింది. అంతలో వసంతమ్మ వచ్చి అందుకుంది.

ఆ తల్లి బతికింది. కానీ తెల్లబడిపోయిన ముఖంతో, నూట ఎనిమిది బండిలో తిరుపతికి పంపాల్సి వచ్చింది. బండి గేటు దాటాక లోకేశ్వరి కుళాయి కింద మోచేతుల దాకా కడుక్కుంటూ, కల్యాణవల్లి వైపు చూడకుండానే అంది:

"మునెమ్మక్క ఉండుంటే, నేను నోరు తెరిచేలోపల అది నా చేతిలో ఉండేది."

మర్నాడు కల్యాణవల్లి చిత్తూరు వెళ్ళింది. ఆ ఫైలు చూసే ఢిల్లీబాబు ఆమె చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు. పాత వేతన పత్రాలు, మునెమ్మ పద్నాలుగేళ్ళ హాజరు, అన్నీ చూశాడు. ఆ సెక్షన్లో ఆరు కుర్చీలుంటే మనుషులు ముగ్గురే ఉన్నారు.

"మీరు చెప్పేది న్యాయమే మేడం. తేదీ తప్పు. సరిచేస్తాం. కానీ నంబరు మారకూడదు. ఎనిమిదంటే ఎనిమిదే. ఆయమ్మ లోపలికి రావాలంటే ఇంకొకరు బయటికి పోవాల."

"ఇంకొకరంటే?"

"అది మీరే చెప్పాల. ఆ పొద్దు ఖాళీగా పంపినారు. మా చేతికి దొరికింది తేదీలు ఒక్కటే. వేసేసినాం." ఆయన కలం మూత తీశాడు. "పేరు చెప్తే ఇప్పుడే మార్చేస్తా. లేదంటే రేపు పదకొండు లోపల పంపండి. ఆ తర్వాత నా చేతిలో ఉండదు."

పేరు ఆమె నోటిదాకా వచ్చింది. అక్కడ చెప్పలేదు. ఆ మనిషికి తెలియకముందే ఇక్కడ చెప్పడం ఆమెకు చేతకాలేదు.

బస్సులో కిటికీ పక్కన కూచుని ఎనిమిది మందినీ ఒక్కొక్కరినే తలుచుకుంది. ఈసారి మనుషుల్ని కాదు, వాళ్ళు నిలబడే చోట్లను. ఈ చోటు ఖాళీ అయితే ఏమవుతుంది? రక్తపరీక్షల గది ఖాళీ అయితే? ఆక్సిజన్ దగ్గర మనిషి లేకపోతే? ఎన్నిసార్లు తిప్పి చూసినా ఒక్కచోటికే వచ్చి ఆగింది. ఓపీ చీటీలు రాసే కిటికీలు రెండు. ఒకటి మూస్తే లైను పొడుగవుతుంది. జనం తిడతారు. అంతే. ఆ రెండో కిటికీలో ప్రతాప్ ఉంటాడు.

ప్రతాప్‌కు ఇరవై తొమ్మిదేళ్ళు. డిగ్రీ చదివాడు. పోయిన ఏడాది పెళ్ళయింది. నాలుగేళ్ళలో ఒక్కనాడు ఆలస్యంగా రాలేదు. ఆమె కంప్యూటరు మొరాయిస్తే పిలవకుండానే వచ్చి బాగుచేసేది అతనే. మొదటి కిటికీలో ఉండే రూపశ్రీకి పరీక్షల రిపోర్టుల పని కూడా వచ్చు, అతనికి రాదు. అతని మీద చెప్పడానికి అదొక్కటే ఉంది.

మరునాడు తొమ్మిదింటికే అతన్ని పిలిచి తలుపు వేసింది. తిప్పి చెప్పలేదు. చిత్తూరులో ఏం జరిగిందో చెప్పి, "నీ పేరు పంపబోతున్నాను" అంది.

ప్రతాప్ చేతిలోని కలం జేబులో పెట్టుకున్నాడు.

"నేనేం తప్పు చేసినాను మేడం?"

"ఏమీ లేదు."

"మరి నన్నేంటికి?"

"నీ కిటికీ మూస్తే జనానికి ఆలస్యమవుతుంది. మునెమ్మ లేకపోతే ప్రాణాలు పోతాయి. మొన్న నా కళ్ళతో చూసినాను."

"ఈ మాట మీకు మొన్నే తెలిసిందా?" అతను కుర్చీ అంచుకు జరిగాడు. "పోయిన నెల శుక్రవారం నాడు తెలీదా? ఆ పొద్దు ఎవరి పేరూ రాయలేదంటే, మీ గురించి మేమంతా ఎంత గొప్పగా చెప్పుకున్నామో తెలుసా? పాకాలలో మొబైల్ అంగడాయన రమ్మన్నాడు. నాకు ఈడ భయం లేదని చెప్పేసినాను. ఆ పని ఇంకొకడికి పోయింది."

ఆమె క్షమించమని అడగబోయి మానుకుంది. అతని కోపాన్ని అతని దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుందనిపించింది.

"అప్పుడు రాయాల్సింది" అంది చివరికి. "నాకు ధైర్యం చాలలేదు. అందరూ అది ధైర్యమనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను."

ప్రతాప్ లేచాడు. "లైను నిలబడి ఉండాది" అని తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆఖరి చీటీ దాకా రాశాడు. ఆమె గది వైపు మళ్ళీ రాలేదు.

పదిన్నరకు ఆమె కాగితం పంపింది. కారణం రాయాల్సిన చోట 'మిగులు' అని రాయలేదు. ఈ ఉద్యోగి పని కూడా అవసరమేననీ, సంఖ్య తగ్గించక తప్పని స్థితిలో తానే ఎంచి ఈ పేరు పంపుతున్నాననీ రాసి, డాక్టరు సంతకం పక్కన తన సంతకం పెట్టింది. ఢిల్లీబాబు ఫోను చేశాడు.

"ఆ వాక్యం తీసేయండి మేడం. రేపు మీకే ఇబ్బంది."

"ఉండనివ్వండి."

"మీ ఇష్టం" అని పెట్టేశాడు. ఆ వాక్యానికి సంజాయిషీ అడుగుతూ ఇంకో ఉత్తరం రావడానికి వారం పట్టింది.

ఆలోపే మునెమ్మ తిరిగొచ్చింది. సోమవారం పొద్దున చీర కొంగు నడుముకు దోపుకుని నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చి తాళాల కోసం చెయ్యి చాపింది. తాళాలు అందుకున్నాక అడిగింది.

"ఎవరిని తీసేసి నన్ను తెచ్చినారు?"

"ప్రతాప్‌ని."

మునెమ్మ ముఖం మాడిపోయింది. "ఆ పిలగోణ్ణా? నాకు చెప్పకుండా ఉండాల్సింది మేడం."

"అడిగినావు కదా."

ఇంకేదో అనబోయింది. అంతలో వార్డులోంచి వసంతమ్మ పిలిచింది. మునెమ్మ మోకాలు పట్టుకుని ఒక్క క్షణం ఆగి, గబగబా అటు నడిచింది.

కల్యాణవల్లి వరండాలోకి వచ్చి చూసింది. ఓపీ లైను మెట్లు దాటి గేటు దాకా పోయింది. రూపశ్రీ ఒక్కతే రాస్తోంది. రెండో కిటికీకి తలుపు వేసి ఉంది. ఆమె లోపలికి వెళ్ళి ఆ తలుపు తెరిచి, కుర్చీ లాక్కుని కూచుంది. లైనులోంచి ఒక ముసలామె ముందుగా ఇటు వచ్చి, కిటికీలోంచి తొంగిచూసింది.

"ఈడ రాసే అబ్బోడు లేడా?"

"లేడమ్మా."

"సెలవు పెట్టినాడా?"

"కాదు, తీసేసినాం" అంది కల్యాణవల్లి. "పేరు చెప్పమ్మా. యా ఊరు?"