వాడకముందు

ఇందులో ఏది ముందు, ఏది తర్వాత అన్నది నేను కాస్త తారుమారు చేస్తే సర్దుకొని చదువుకోండి. జరిగింది మాత్రం ఇదే.

ఆసుపత్రి గేటు పక్కన అక్క పళ్ళ బండి. అతిమధురం వేరు, మల్బరీ ఆకు వేసి మరిగించిన నీళ్ళతో చేతులు కడుక్కుని గానీ కత్తి పట్టేది కాదు. ఆమె కోసిన ఆపిల్ నల్లబడేది కాదు. పొద్దున కోసింది మర్నాటికీ అప్పుడే కోసినట్టుండేది. దానికెవరూ వింతపడలేదు. "ఆవిడ చెయ్యి అంతే" అనుకుని, రోగులకు పట్టుకెళ్ళేవాళ్ళు బండి ముందు నిలబడేవాళ్ళు.

తల్లి పోయాక చెల్లిని పెంచింది అక్కే. ఇద్దరికీ ఒకటే ముక్కు, ఒకటే నవ్వు. అచ్చు గుద్దినట్టుంటారు. రంగొక్కటే తేడా, అక్క నలుపు, చెల్లి పసిమి ఛాయ. చెల్లి చదువుకుని, ముఖానికి రాసుకునే క్రీములు చేసే కంపెనీలో చేరింది. అక్కడే గది కూడా తీసుకుంది. ఓ రోజు వచ్చి, అక్క చేతులు కడుక్కునే నీళ్ళు సీసాలో పట్టింది.

"ఆ నీళ్ళెందుకే నీకు?"

"కోసిన కాయ గాలి తగిలి నల్లబడుతుంది కదక్కా. దాన్ని ఆపే పదార్థాలు ఈ వేరులో, ఆకులో ఉన్నాయి. యాంటీ ఆక్సిడెంట్లంటారు. ఒంట్లో రంగు పుట్టేదీ ఇంచుమించు అలాగే. అక్కడా ఆపితే మనిషి తెల్లబడుతుంది."

"నా చెయ్యి తెల్లగా చెయ్యదే పిచ్చిమొహమా. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుతుంది, అంతే."

చెల్లి నవ్వింది. అక్క భుజం మీద చెయ్యేసి, ఇంట్లో గోడకి పెట్టుకుందామని ఫోటో తీయించింది.

ఆ ఫోటో ఇంటికి రాలేదు. బస్టాపు పక్కన పెద్ద బోర్డెక్కింది. మధ్యకి కోసేశారు. ఎడమవైపు అక్క, కింద 'వాడకముందు'. కుడివైపు చెల్లి, కింద 'వాడిన తర్వాత'. అక్క భుజం మీద చెల్లి వేళ్ళు నాలుగు అలాగే ఉండిపోయాయి, ఎవరివో తెలియకుండా. అక్క చాలాసేపు ఆ వేళ్ళనే చూసింది.

ఇక బండి దగ్గర రోజూ అదే గోల.

"ఏం వాడకముందూ, జామకాయలెలా?"

"ఇంకా వాడలేదా పిన్నీ? త్వరగా వాడు, మేమూ చూస్తాం."

అక్క కూడా నవ్వేసేది. చెల్లికి ఫోన్ చేస్తే ఎత్తేది కాదు.

ఓ మధ్యాహ్నం కంపెనీ యజమాని ఎవరినో చూడ్డానికి ఆసుపత్రికి వచ్చాడు. వెంట చెల్లి ఉంది. బండి ముందు అతను టక్కున ఆగిపోయాడు.

"ఇదేమిటమ్మాయ్, క్రీము నీ మీదే పరీక్షించుకున్నానన్నావు. ఆ రెండు ఫోటోలూ నీవేనన్నావు. మరి ఆ 'వాడకముందు' నువ్వు ఇక్కడ పళ్ళు కోస్తున్నావే?"

చెల్లి ముఖమంతా చెమట పట్టింది. నిజం తేలితే ఉద్యోగం ఊడినట్టే.

"ఏదో పోలిక సార్. ఈవిడెవరో నాకు తెలీదు."

అక్క కళ్ళలోకి చూస్తూ, రెప్పైనా వెయ్యకుండా అంది.

అతను అక్క వైపు తిరిగాడు. "ఈ అమ్మాయి నీకేమవుతుందమ్మా?"

ఒక్క మాట చాలు. అక్కకి స్కూలు గేటు దగ్గర వదిలినప్పుడల్లా వెనక్కి తిరిగి తిరిగి చూసే పిల్ల గుర్తొచ్చింది.

"ఏమీ కాదు బాబూ," అంది. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు కదా, తడిచెయ్యి చాపి చెల్లి ముఖం మీది చెమట మాత్రం తుడిచింది. "ఎండగా ఉందమ్మా, నీడలో నిలబడు."

ఆ ముఖం అలాగే ఉండిపోయింది. ముడత పడలేదు, వాడలేదు. కంపెనీవాళ్ళు మొదట సంబరపడ్డారు. కానీ ఎవరు ఎదురుపడినా 'నువ్వెవరో నాకు తెలీదు' అనే ముఖమే. నవ్వబోయినా అదే, కన్నీళ్ళు కారుతున్నా అదే. పలకరించేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళి చేసుకుందామనుకున్న అబ్బాయి ఆ చూపు భరించలేక తప్పుకున్నాడు. ఎవరూ కారణం అడగలేదు. ఆ అమ్మాయి ముఖం అంతే అనుకున్నారు.

ఇప్పుడు సాయంత్రాలు చెల్లి వచ్చి బండి పక్కన స్టూలు మీద కూర్చుంటుంది.

"ఇంకోసారి తుడువక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇది నా ముఖం కాదు."

"అది నేను పెట్టింది కాదే. నువ్వు పెట్టుకున్నదే."

చెల్లి వెక్కివెక్కి ఏడుస్తుంది. అక్క అటు తిరిగి కాయ కోస్తూ వింటుంది. గొంతు వింటుంటే తను పెంచిన పిల్లే. తిరిగి చూస్తే ఎవరో. అందుకే తిరగదు.