అర కేజీ గీతలు

నాలుగింటికి ప్రాజెక్టు ఆఫీసరు జగన్నాధం గారు వచ్చేస్తారు, వచ్చి ముగింపు మాటలు రెండు మాట్లాడి, ఏటమ్మా మహతీ, ఆ కమలాదేవి రిపోర్టు ఏదీ అని చెయ్యి చాపుతారు, రిపోర్టు బ్యాగులోనే ఉంది, సంతకం కూడా అయిపోయింది, ఇచ్చేస్తే పాతపట్నం అవతల ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా అంగన్‌వాడీ నడుపుతున్న మనిషి ఉద్యోగం పోతుంది, పోతే పోనీ, పిల్లల బరువులు ఇంట్లో కూర్చుని రాసేసే మనిషికి ఉద్యోగం ఎందుకు, అనుకుంటూ సూపర్‌వైజరు మహతి చీపురుపల్లి మీటింగు హాల్లో బల్లల మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది, పైన ఫ్యాను టకటకలాడుతోంది, ముప్ఫై మంది టీచర్లు పులిహోర తిన్న మత్తులో నీలం కార్డులూ పసుపు కార్డులూ పంచుకుంటున్నారు, కళ్ళతో చూసింది నీలం మీద, మనం అనుకున్నది పసుపు మీద రాయండి అని పొద్దున్నించీ చెప్పి చెప్పి గొంతు పోయింది, కమలాదేవి కేసునే ఊరూ పేరూ తీసేసి ఈ ట్రైనింగు ఆటలో పెట్టింది, ఎందుకు పెట్టిందో, ముప్ఫై మందీ అవును దొంగ లెక్కలే అంటే మనసు కుదుటపడుతుందనేమో, ఛీ, అంత పిరికిదా తను, రిపోర్టు రాసిన నాటి నుంచీ నిద్ర సరిగ్గా లేని మాట మాత్రం నిజం.

కేసు చిన్నదే, ఒక రిజిస్టరు, పదహారు మంది పిల్లలు, ఒక్కరి బరువుకీ గ్రాముల్లేవు, ఏడు, ఏడున్నర, ఎనిమిది, తొమ్మిదిన్నర, దేవుడు పిల్లల్ని అర కేజీల లెక్కన పుట్టించాడా ఏమిటి అని తను ఆ రోజే నవ్వుకుంది, మూడో బల్ల దగ్గర చూడామణి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ టీచరు, ఒక్క కార్డూ ముట్టకుండా కూర్చుంది, రాయరేమండీ అంటే, ఏటి రాయమంటారు మేడమ్, నేనూ ఇలాగే రాస్తన్నాను కదా అంది, మీరూనా అని మహతి అటు తిరిగింది, ఆవిడ మాత్రం తాపీగా, మా ఊళ్ళో ఆ ఏలాడే కాటాకి బిడ్డని కట్టనివ్వరు మేడమ్, కొక్కేనికి తగిలించి తూస్తావేటే, దిష్టి కొడతాది అని ముసిలోళ్ళు నా మీద పడిపోతారు, అందుకని తల్లినీ బిడ్డనీ కలిపి పెద్ద కాటా ఎక్కిస్తాను, బిడ్డని దింపేసి తల్లినొక్కదాన్నీ మళ్ళీ ఎక్కిస్తాను, అందులోంచి ఇది తీసేస్తాను, ఆ కాటా మీద అర కేజీకో గీత ఉన్నాది, గ్రాములు ఎక్కడి నుంచి తెమ్మంటారు అంది, పక్కనున్న టీచరు అరుణశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మా వైపూ అంతే మేడమ్, గ్రాములు రాస్తేనే దొంగ లెక్క అంది, బల్లంతా నవ్వింది.

తనకి తెలియదా దిష్టి సంగతి, తన కూతురు రాగసుధని మూడో నెలలో ఆసుపత్రిలో తూయించుకొస్తే అత్తగారు ఆ అంకె పక్కింటావిడకి చెప్పనిచ్చారా, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేసి ఘాటు రాలేదు చూడు, ఎంత దిష్టో అని దగ్గుతూ మురిసిపోలేదూ, ఇంట్లో తెలిసిన సంగతి ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఎక్కడికి పోయింది, ఉండు, ఉండు, చూడామణి అలా చేస్తే కమలాదేవీ అలాగే చేసిందని ఏమిటి నమ్మకం, అదీ పసుపు కార్డే కదా, హమ్మయ్య, రిపోర్టు ఇచ్చేయొచ్చు, కాదు, ఆ రోజు కమలాదేవి అంగన్‌వాడీ గదిలో గోడవార బల్లపరుపుగా ఏదో ఉంది, గుడ్డ కప్పి ఉంది, బ్యాగు దాని మీదే పెట్టింది, పెడితే కింద కిర్రుమంది, పీట కాబోలు అనుకుంది, పీట కిర్రుమంటుందా, పెద్ద కాటా అయితేనో, గుడ్డ ఎత్తి చూసిందా, లేదు, ఎండలో వచ్చిన చిరాకు, తిరుగు బస్సు తొందర, అంతే.

బయట జీపు ఆగింది, జగన్నాధం గారు చెమట తుడుచుకుంటూ లోపలికి వస్తున్నారు, మహతి చేతికి దొరికిన నీలం కార్డు లాక్కుని ఆ రోజు కళ్ళారా చూసింది రాయబోయింది, కమలాదేవి గుడ్ల పెంకులు వలుస్తూ లేచి నిలబడింది, తను రిజిస్టరు ఆవిడ ముందు ఆడిస్తూ ఇవన్నీ ఇంట్లో కూర్చుని రాసేసినవే కదా అంది, ఆవిడ తల వంచుకుంది, అంతే, తల వంచుకుంది అన్నదొక్కటే నీలం కార్డు, రిపోర్టులో మాత్రం తప్పు ఒప్పుకున్నది అని రాసి కింద గీత కూడా గీసింది, పద్దెనిమిదేళ్ళ మనిషి చేతిలో ఉడికిన గుడ్డుతో నిలబడి ఏం మాట్లాడుతుంది అలా అడిగితే, అసలు తను అడిగితేనా, ఏటమ్మా, రిపోర్టు అయిందా అంటున్నారు జగన్నాధం గారు, చెయ్యి చాపే ఉంది, ఇవ్వటం లేదండీ, రేపు పాతపట్నం వెళ్ళొస్తాను అంటోంది తను, అదేటి, ఆవిడ ఒప్పుకుందన్నావు కదా అంటున్నారాయన, మూడో బల్ల దగ్గర చూడామణి నవ్వు ఆపి ఇటే చూస్తోంది, లేదండీ, ఆవిడ ఒప్పుకోలేదు, నేను ఆవిణ్ణి అసలు ఏమీ అడగలేదు.