జాషువా ఎత్తు ఊరు

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. కొమరోలు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే జాషువా ఎత్తు మూడడుగుల చిల్లర. కానీ అతని బుద్ధులన్నీ ఒక్క కోరిక చుట్టే తిరిగేవి: ఎదుటి మనిషి తన కళ్ళలోకి సూటిగా చూసి ఒక మాట మాట్లాడాలి. ముప్పై దాటినా అది తీరలేదు. దుకాణానికొచ్చినవాళ్ళు కౌంటర్ మీంచి లోపలికి చూసి, "ఎవరూ లేరా?" అని అడిగి, తర్వాత నాలిక్కరుచుకునేవారు.

ఆదివారం ఒక్కటీ వేరు. మందిరంలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద కూర్చునేవారు. కింద కూర్చుంటే ఎవరి ఎత్తెంతో దేవుడికే ఎరుక. ప్రార్థన అయ్యేదాకా జాషువా నలుగురిలో ఒకడు. పోయిన ఏడాది ఎవరో దాత ప్లాస్టిక్ కుర్చీలు ఇచ్చాడు. పాస్టరుగారు ప్రేమకొద్దీ అతనికి ముందు వరుసలోనే ఒకటి వేయించారు. కాళ్ళు గాల్లో వేలాడుతుంటే వెనక పిల్లలు నవ్వారు. ఆ తర్వాత అతను మందిరానికి పోలేదు. ఎందుకు రావట్లేదని అడగడానికి ఎవరూ రాలేదు. అదే ఎక్కువ బాధించింది.

ఇక ఆదివారాలన్నీ పాత లాప్‌టాప్‌తోనే. ఒక మహానగరంలో కార్లు తోలుతూ తిరిగే ఆట అది. అందులో మనుషుల బొమ్మల కొలతలు మార్చుకోవచ్చని వీడియోలు చూసి నేర్చుకున్నాడు. మొదట హీరోను తన ఎత్తుకు కుదించాడు. నడుము దగ్గర పట్టి కుదించేసరికి పాదాలు నేలకు ఆనక గాల్లో తేలాయి.

"ఈడ కూడా నాకు అదే గతి," అనుకుని, పాదాల దగ్గర పట్టి మళ్ళీ కుదించాడు. ఈసారి హీరో నేల మీద నిలబడ్డాడు. కానీ ఎదురైనవాళ్ళంతా అతని తల మీది ఖాళీ గాలితో మాట్లాడి పోయారు. ఆట తయారుచేసినవాళ్ళు ఎవరి చూపును వాళ్ళ ఎత్తులోనే బిగించారట. కొమరోలుకూ ఆ నగరానికీ తేడా ఏముంది? జాషువాకు ఒళ్ళు మండింది. ఒక్కో బొమ్మనే పట్టుకుని ఊరందరినీ తన ఎత్తుకు దించేశాడు. పోలీసులను, కోటు దొరలను, ఆఖరికి పండ్లమ్మే ముసలమ్మను కూడా వదల్లేదు.

ఆ వీధుల్లో ప్రతివాళ్ళూ అతని కళ్ళలో కళ్ళు పెట్టి చూశారు. జాషువాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత సంతోషం చెప్పుకోవడానికి మాత్రం పక్కన ఎవరూ లేరు.

మర్నాడు రిపేరైన ఫోన్ కోసం హెలెనమ్మ వస్తే ఉండబట్టలేక చూపించాడు. మందిరంలో నడిచే దారికి అవతల, సరిగ్గా అతని పక్కన కూర్చునే మనిషి ఆమె.

"చూడు చిన్నమ్మా, అందరూ ఎట్లుండారో."

ఆమె కళ్ళజోడు సర్దుకుంది. "అందరూ కింద కూసున్నట్టుండారు నాయనా. మనం మందిరంలో చాపల మీద కూసునేటోళ్ళం, అట్ల."

జాషువాకు ఇంకేం కావాలి? "అవును చిన్నమ్మా. చాపలే బాగుండె కదా?"

"ఏం బాగు నాయనా. లేసేటప్పుడు ప్రాణం పోయేది. ఈ మోకాళ్ళతో మందిరమే మానేద్దామనుకున్నా. కుర్చీలొచ్చినంక బతికిపోయినాం ముసలోళ్ళం." ఫోన్ సంచిలో వేసుకుంటూ, "నువ్వేంది, ఈ మధ్య కనపడవు? పనెక్కువా?" అంది.

"అవును చిన్నమ్మా, పని."

ఆమె మోకాళ్ళు పట్టుకుని దుకాణం మెట్లు దిగడం చూస్తూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఆ కుర్చీల మీది కోపమే అతనికి తోడు. ఇప్పుడు అదీ పోయింది.

ఆ సాయంత్రం ఆటలో ఊరందరినీ మళ్ళీ వాళ్ళ ఎత్తుకు లేపాడు. తన ఒక్కడి కోసం అంతమందిని కింద కూర్చోబెట్టడం న్యాయం కాదనిపించింది. పండ్లమ్మే ముసలమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యాడలేదు. ఆమెను అలాగే ఉంచేశాడు.

ఇప్పటికీ దుకాణం కట్టేసే ముందు ఆమె దగ్గరికి నడిచి వెళ్తాడు. ఆటలో ఆమెకున్నది ఒకటే మాట, అడ్డం తప్పుకో అని. ఇంగ్లీషులో కసురుకుంటుంది. అతని కళ్ళలోకి చూసి కసురుకుంటుంది. అతను పక్కకు తప్పుకుని, మళ్ళీ వచ్చి ఎదురుగా నిలబడతాడు.