గేటు ముందు గుమ్మడికాయ

సత్యశ్రీకి అమెరికా వీసా వచ్చిందని తెలిసిన రోజు నుంచి నరసాయమ్మకు అన్నం సయించడం లేదు. గల్ఫ్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో, ఒక అమెరికా వాళ్ళింట్లో తల్లిది వంట, కూతురిది ఇంటిపని. ఆ ఇంటి మేడమ్ వాళ్ళమ్మ మూడు నెలల కిందట అమెరికా నుంచి వచ్చింది. తమ ఊళ్ళో ఓట్ల లెక్కింపు ఆఫీసుకు ఆవిడే పెద్ద. ఓడిపోయినవాళ్ళు లెక్క తప్పన్నారు, ఫోన్ చేసి చంపుతామన్నారు. ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే, గుమ్మంలో ఎర్రరంగు పూసిన తల లేని బొమ్మ పడి ఉంది. సొంత తమ్ముడే "నీకు అలాగే కావాలి" అన్నాడట. దాంతో బెదిరి కూతురి దగ్గరికి వచ్చేసింది.

ఇప్పుడు అక్కడ మళ్ళీ ఎన్నికలు. పెద్దావిడ ఉద్యోగం వదలనంటోంది, ఒక్కతే ఉండలేనంటోంది. అందుకని సత్యశ్రీని తోడు తీసుకెళ్తానంది.

"వద్దే. ఆవిడకే దిక్కు లేని ఊళ్ళో నీకెవరే దిక్కు? మొన్న ఫోన్లో చూళ్ళేదా, మీటింగులో మాట్లాడుతున్నాయన్నే కాల్చేశారు."

"అది ఎక్కడో జరిగిందమ్మా. నేను ఈ పక్కనున్న అవాలి ఊరి దాకా బస్సెక్కినా నువ్వు దండాలు పెడతావు."

అమావాస్య నాడు నరసాయమ్మ ఇక ఆగలేకపోయింది. తెల్లవారకుండానే కూతుర్ని లేపి గేటు దగ్గర నిలబెట్టింది. బూడిద గుమ్మడికాయకు గాటు పెట్టి, లోపల దోసెడు కుంకుమ కూరి, పైన కర్పూరం వెలిగించింది. మూడుసార్లు దిష్టి తిప్పి నేలకేసి కొట్టింది. పగిలిన ముక్కలు ముట్టుకోకూడదు, వెనక్కి చూడకూడదు. ఇద్దరూ చూడకుండానే లోపలికి వచ్చేశారు.

పెద్దావిడకు పొద్దున్న లేవగానే గేటు గడియ చూసుకునే అలవాటు. ఆ రోజు ఆవిడ పెట్టిన కేక విని నరసాయమ్మ అట్లకాడతోనే పరుగెత్తింది. పెద్దావిడ నేల మీద కూలబడి గుండె మీద చెయ్యి వేసుకుని ఉంది. తెల్లటి రాళ్ళ మీద ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. మేడమ్ ఫోన్ పట్టుకుని పోలీసు అంటోంది. వాచ్‌మన్ రఫీక్ భాయ్ చేతులు కట్టుకుని నిలబడి, తనకేమీ తెలియదని పదేపదే చెబుతున్నాడు.

"టికెట్ క్యాన్సిల్" అంది మేడమ్ తల్లితో.

ఆ రెండు మాటలూ నరసాయమ్మకు ఎవరూ చెప్పకుండానే అర్థమయ్యాయి. ప్రాణం లేచి వచ్చినట్టయింది. నోరు మూసుకుంటే చాలు, పిల్ల వెళ్ళదు.

కానీ రఫీక్ భాయ్ పిల్లల మీద ఒట్లు వేస్తున్నాడు. పెద్దావిడ గోడ మీద, కార్ల వెనక, ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తోంది. ఆ చూపు నరసాయమ్మకు తెలుసు. రోజూ ఫోన్లో వార్తలు చూస్తూ తను చూసే చూపే అది.

"మేడమ్, నేనే. మైనే కియా" అంది. తర్వాత పెరటి వైపు తిరిగి గట్టిగా కేకేసింది. "సత్యా! రావే, వచ్చి వీళ్ళకి ఇంగ్లీషులో చెప్పు!"

సత్యశ్రీ తడి చేతులతో వచ్చి, నాలిక్కరుచుకుని, అంతా చెప్పింది. మేడమ్ ఫోన్ పక్కన పడేసి చడామడా తిట్టింది. నరసాయమ్మ ఆ తిట్లన్నీ తలొంచుకుని పడింది. పెద్దావిడ మాత్రం ముక్కల వంక చూస్తూ మెల్లగా ఏదో అడిగింది.

"ఏటంటోందే?"

"నా దగ్గర పనికి వచ్చే పిల్లకి దిష్టి తీశావు, నాకెందుకు తియ్యలేదంటోందమ్మా."

ఆవిడకి తియ్యాలని నరసాయమ్మకు నిజంగానే తట్టలేదు. ముట్టుకోకూడని ముక్కల్ని తనే చీపురుతో ఎత్తిపోసి, గేటంతా రెండుసార్లు కడిగింది.

టికెట్ క్యాన్సిల్ కాలేదు. ప్రయాణం ముందురోజు కూతురి పెట్టె సర్దుతూ నరసాయమ్మ అందులోంచి కుంకుమ పొట్లం తీసేసింది. ఉప్పు ప్యాకెట్ పెట్టింది.

"ఉప్పుతోనే తియ్యి. ముందు ఆవిడకి తీసి, ఆవిడకి నేర్పించి నీకు తీయించుకో. సింకులో పోసి కుళాయి తిప్పెయ్. గుమ్మంలో మాత్రం ఏమీ పెట్టకు."

"ఉప్పు అక్కడా దొరుకుతుందే అమ్మా" అని సత్యశ్రీ ప్యాకెట్ తీసి పక్కన పెట్టింది.

నరసాయమ్మ దాన్ని మళ్ళీ చీరల మధ్యకి దోపింది.