అలాగే ఉండనీ

అయినా మొత్తం మార్చెయ్యడంలో తప్పేముంది, చైను, వెనక పళ్ళ చక్రాలు, గేరు మీటలు అన్నీ కలిపి, సైకిలు షాపతను చెప్పినట్టు ఒకటి కొత్తది వేసి ఒకటి పాతది ఉంచితే ఒకదానికొకటి పడదు, సాయంత్రంలోగా ఏదో ఒక మాట చెప్పండి మేడమ్, ఈ సెట్టు అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు అన్నాడు, సాయంత్రమంటే అతని లెక్కలో ఎప్పుడో, కిటికీ వెలుగు ఇంకా గోడ మీదే ఉంది, నేల మీదికి దిగలేదు, అనుకుంటూ ఆమె ముక్కాలిపీట సైకిలు దగ్గరికి లాక్కుని కూర్చుని చేతికి గుడ్డ చుట్టుకుంది, అది ఆయన చొక్కా, నీలం గళ్ళది, కాలరు అరిగిపోతే తిప్పి కుట్టించుకుని మళ్ళీ తొడుక్కున్నది, దాన్ని చింపడానికి చెయ్యి ఎలా వచ్చిందో తెలియదు గాని, చింపాక మెత్తగా ఉంది, మురికిని బాగా పట్టుకుంటోంది, ఆమె సైకిలు వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీద నిలబడి ఉంది, ఆయన సైకిలు పక్క గోడకు వేలాడుతోంది, దానికి ఏ రిపేరూ లేదు, ఏడాదిగా ఎవరూ తొక్కలేదు గనక.

రిపేరంతా ఈ సైకిలుకే, మామూలు రోడ్డు మీద బాగానే పోతుంది, ఊరి చివర ఆ ఎత్తు మొదలయ్యేదాకా ఒక్క మాట అనదు, ఎత్తు సగానికి వచ్చి బలమంతా కాళ్ళలోకి తెచ్చుకుని తొక్కేసరికి టక్కుమని చైను జారుతుంది, పెడల్ మీది కాలు మెట్టు లేనిచోట అడుగేసినట్టు కిందికి పడుతుంది, ఆమె దిగిపోతుంది, సీటు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడుతుంది, కార్లవాళ్ళు చూస్తూ పోతారు, తిప్పుకుని ఇంటికి వచ్చేస్తుంది, ప్రతి ఆదివారం ఇదే వరస, ఎత్తు మీద నీళ్ళ ట్యాంకు ఉంది, దాని నీడలో సిమెంటు బెంచీ ఉంది, ఇద్దరూ ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళి అక్కడ తాగేవారు, ఆయన పోయాక ఒక్కసారైనా అక్కడిదాకా వెళ్ళి ఒంటరిగానైనా కూర్చుని రావాలనుకుంది, అంతకంటే పెద్ద కోరికేమీ లేదు, అదీ కుదరడం లేదు, మొన్న ఆడపడుచు వచ్చి ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ, వదినా, అన్నయ్య ఉన్నన్నాళ్ళూ అన్నయ్య పిచ్చి, ఇప్పుడు నీకెందుకు చెప్పు, రెండూ ఎవరికైనా ఇచ్చేసెయ్, గోడైనా ఖాళీ అవుతుంది అంది, మంచికే అంది, అన్నాక తనే అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది, సరే, ఒకసారి బాగు చేయించి చూస్తాను, అప్పటికీ ఎక్కలేకపోతే నువ్వన్నట్టే ఇచ్చేస్తాను అని ఆమె మాటిచ్చింది, మాటిస్తే తప్పే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు.

గోడ ఖాళీ అవుతుంది, అవును, ఆ తర్వాత ఖాళీ గోడని ఏం చేసుకోవాలి, ఆ ట్యాంకుకి నీళ్ళు పంపే పంపుహౌసులోనే ఆయన ఉద్యోగం, మోటారు చప్పుడు గుమ్మంలోంచే విని లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేవాడు, బెంచీ మీద కూర్చోగానే తల పైకెత్తి, నేను కిందనుంచి తోసిన నీళ్ళు నాకంటే ముందే ఎక్కి కూర్చున్నాయి చూడు అనేవాడు, వెళ్ళిన ప్రతిసారీ అదే జోకు, వెళ్ళిన ప్రతిసారీ ఆమె నవ్వేది, సైకిలు మీద ఎప్పుడూ ఆమె వెనకే వచ్చేవాడు, ముందుకు వెళ్ళండి అంటే, ముందుంటే మీ చైను వినపడదు అనేవాడు, వెనకనుంచి చైను చప్పుడూ ఆమె ఊపిరీ కలిపి విని, టీచరుగారూ, ఒకటి తగ్గించండి, ఇంకొకటి, ఆఁ, ఇప్పుడు పెంచండి, ఆ గారూ అండీ వెటకారానికే, ఇంట్లో నువ్వు అనే మనిషి రోడ్డెక్కగానే గారు అనేవాడు, చివర్లో డాక్టరు గొట్టం ఆయన గుండె మీద పెట్టి వింటుంటే కూడా ఏం వినపడుతోందండీ అని ఆసక్తిగా అడిగాడు, ఆమె గోడ మీద గడియారం చూసింది, అది తిరుగుతూనే ఉంది, క్లాసులో నిష్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద రెండు పళ్ళ చక్రాలు గీసి, చిన్నది ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్క కట్టించేది, పిల్లలు కట్టేవారు, తను మాత్రం రోడ్డు మీద ఒక్క గేరు కూడా సొంతంగా మార్చిన పాపాన పోలేదు, అవసరం రాలేదు, నువ్వేం ఆలోచించకు, నేను చెప్తాగా.

అదే మాట, ఇంచుమించు అదే మాట పొద్దున షాపతను కూడా అన్నాడు, గాజు అల్మారాలోంచి పెట్టె తీసి మెత్తటి గుడ్డ పరిచి కొత్త సెట్టు పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, మేడమ్, దీనికి మీటే నొక్కక్కర్లేదు, ఎత్తు రాగానే దానంతటదే తగ్గించుకుంటుంది, పల్లం రాగానే పెంచుకుంటుంది, మీరేం ఆలోచించక్కర్లేదు, అన్నీ అదే చూసుకుంటుంది, అని నవ్వాడు, బండికి మొగుడొచ్చినట్టే అనుకోండి అని కూడా అన్నాడు, అనేశాక ఎవరితో అన్నాడో గుర్తొచ్చి నాలిక కరుచుకుని చైను కొలిచే రేకు కోసం వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు, చాలాసేపు లేవలేదు, పాపం, ఫరవాలేదు అని చెప్పి ఉండాల్సింది, అతను లేచి చైను కొలిచి, ఇది బాగా సాగిపోయింది, ఇది మాత్రం తప్పదు, కొత్త చైను వేస్తే అరిగిన చక్రం మీద నిలబడదు, అరగనివాటి మీద బాగానే నడుస్తుంది, ఏది అరిగిందో తుడిచి చూస్తేగాని తెలీదు, ఇంత మురికేంటి మేడమ్, టీచర్లయ్యుండి అన్నాడు, ఇద్దరూ కాస్త నవ్వారు.

మురికి నిజమే, ఆయన ఉంటే పట్టనిచ్చేవాడు కాదు, గుడ్డ కిరసనాయిల్లో ముంచి చక్రాల సందుల్లో తోసి లాగుతుంటే నల్లటి ముద్దలు ఊడి కాగితం మీద పడుతున్నాయి, చిన్న చక్రం, ముద్దల కింద తుప్పు, రెండోది తుప్పు, మూడోది కూడా, ఏంటిది, వాడినవే కదా అన్నీ, అటు చివరనుంచి చూద్దామని అన్నింటికంటే పెద్దది తుడిచింది, ఎర్రగా పలచటి తుప్పు, ఎత్తులు ఎక్కించే చక్రం అది, దాని పక్కది కూడా తుప్పే, మధ్యకు వచ్చేసరికి ఒక్కటి, ఒకే ఒక్కటి, చెంచాలా తళతళలాడుతోంది, పళ్ళు ఒకవైపుకి సాగి అలల్లా వంగి ఉన్నాయి, వేలితో తడిమితే చివర్లు సన్నగా గుచ్చుకున్నాయి, ఏడాదంతా చైను ఆ ఒక్కదాని మీదే తిరిగిందన్నమాట, చదునులోనూ అదే, ఎత్తులోనూ అదే, అందుకే జారుతోంది, ఎత్తు వచ్చినా తను మీట నొక్కలేదు, ఎందుకు నొక్కలేదు, మీట బాగానే ఉంది, వేలు బాగానే ఉంది, ఏం చేస్తున్నట్టు ఇన్నాళ్ళూ, ఎత్తు సగంలో మెడ కొద్దిగా పక్కకి తిప్పుతుంది, తిప్పుతుందని ఇప్పుడే తెలుస్తోంది, చెవి వెనక్కి పెట్టినట్టు, వెనక గాలి తప్ప ఏమీ ఉండదు.

ఇదే గేరు ఎందుకు, చివరిసారి ఇద్దరూ వెళ్ళినప్పుడు ఎత్తు మొదట్లోనే ఆయన ఆగిపోయాడు, ఏంటి ఆయాసమా అంటే కాదు ఎండ అన్నాడు, మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు, ఆమె మీట మీద వేలు పెట్టి తగ్గించనా అంటే, వద్దులే, ఈ పూట ఎక్కొద్దు, వెనక్కి తిరుగుదాం, గేరు అలాగే ఉండనీ అన్నాడు, గారూ లేదు, అండీ లేదు, నెమ్మదిగా అన్నాడు, ఆ తర్వాత ఆయన గేరు సంగతి మాట్లాడలేదు, ఆ తర్వాత ఆయన సైకిలు ఎక్కలేదు, అలాగే ఉండనీ అన్నాడు గనక అలాగే ఉంది, ఆ పూటకి అన్న మాట, ఇంటిదాకా అన్న మాట, ఆమె ఏడాదిపాటు పట్టుకుని కూర్చుంది, పళ్ళు వంగిపోయేదాకా, ఫోను మోగింది, ఏమనుకున్నారు మేడమ్, సెట్టు ఉంచమంటారా, చెయ్యి మురికిగా ఉండి ఫోను రెండు వేళ్ళతో పట్టుకుని, వద్దండీ, సెట్టు ఇచ్చెయ్యండి, చైను ఒక్కటి వెయ్యండి చాలు అంది, అరిగిన గేరు మీద అది నిలబడదు మేడమ్, జారుతుంది అన్నాడు, తెలుసు, దాని మీద ఇక ఉండను అంది, అతనికేం అర్థమైందో సరేనన్నాడు, కిటికీ వెలుగు నేల మీదికి దిగింది, ఆమె ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేత్తో మీట నొక్కింది, చైను కాస్త తడబడి, కరకరమని, పక్క చక్రం ఎక్కింది, ఇంకొకటి, తుప్పు రాలుతోంది, ఇంకొకటి, ఎవరూ చెప్పలేదు, ఇక ఎవరూ చెప్పరు, అయినా ఎక్కుతోంది.