కళ్ళకింద నలుపు

సినిమాలో మత్తుకు బానిసైనవాణ్ణి చూసి మీరెప్పుడైనా అయ్యో అనుకుని ఉంటే, అందులో నా చెయ్యి కూడా ఉండే అవకాశం ఉంది. నేను మేకప్‌మేన్‌ని. ఇరవై రెండేళ్ళలో నలభైమంది దాకా మత్తుగాళ్ళని తయారుచేశాను. ప్రేమ విఫలమై మాత్రలు మింగినవాళ్ళు, స్నేహాలు చెడి పాడైపోయిన గొప్పింటి కొడుకులు, కట్టుబట్టలతో షవర్ కింద కూలబడి ఏడ్చినవాళ్ళు. అందరిదీ ఒకటే మొహం. ఎందుకంటే నాకు వచ్చింది అదొక్కటే.

కళ్ళకింద ఊదారంగులో కాస్త నలుపు కలిపి వేలితో అద్దాలి. పెదాలకి జిగురు రాసి ఆరనిస్తే పగుళ్ళొస్తాయి. నుదుటిమీద గ్లిజరిన్ చుక్కలు. జుట్టు ఎంత రేగితే వ్యసనం అంత ముదిరినట్టు. ఇంటర్వెల్‌కి ఒక పూత నలుపు, క్లైమాక్స్‌కి రెండు పూతలు. ఆ తర్వాత హీరోయిన్ వచ్చి చెంప ఛెళ్ళుమనిపిస్తుంది, పాట మొదలవుతుంది, రెండో చరణానికల్లా నేను నలుపు తుడిచేసి బుగ్గలకి మెరుపు వెయ్యాలి. మా లెక్క ప్రకారం వ్యసనం మానడానికి నాలుగున్నర నిమిషాలు చాలు.

నన్ను అందరూ 'మత్తు మాస్టారు' అంటారు. ఆ పేరుకి సిగ్గుపడాల్సింది పోయి కాలరెగరేసేవాణ్ణి. ఒకసారి ఒక పత్రికావిడ వచ్చి, "నిజమైన బాధితుల్ని ఎక్కడ గమనించారు?" అని అడిగింది. "కళాకారుడికి కళ్ళుంటే చాలమ్మా" అన్నాను. నేను ఎక్కడా ఎవర్నీ గమనించలేదు. మా గురువుగారు వేస్తుంటే చూసి నేర్చుకున్నాను, అంతే. ఆయన ఎవర్ని చూసి నేర్చుకున్నాడో నాకు తెలియదు.

ఆ పత్రిక కాగితం కత్తిరించి దాచుకున్న మనిషి లోకంలో ఒక్కరే ఉన్నారు, మా అక్క. బళ్ళో లెక్కలు చెబుతుంది. పిల్లల లెక్కల్లో ఎక్కడ తప్పు జరిగిందో ఇట్టే పట్టేస్తుంది గాని, తమ్ముడు ఏం చెప్పినా తు.చ. తప్పకుండా నమ్ముతుంది. మా బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పెళ్ళిరోజు ఆయనకి మేకప్ వేసింది నేనే. నా మొట్టమొదటి సొంత పని అది. రెండేళ్ళ కిందట లిఫ్టు పైకప్పు మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆర్నెల్లు మంచంమీద ఉండి, నొప్పి మాత్రలు మింగి, లేచి మళ్ళీ పనిలోకి వెళ్ళాడు.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ సంగతి నాకేం నచ్చట్లేదు. ఆ నొప్పి మాత్రలు ఇంకా మింగుతున్నాడేమోనని అనుమానంగా ఉంది. అడిగితే ఎప్పుడో మానేశానంటాడు. కూర్చున్నచోటే జోగుతాడు. ఎప్పుడు చూడు ముక్కు గోక్కుంటూ ఉంటాడు. నువ్వు ఇలాంటివాళ్ళని చేస్తావు కదరా, ఒక్కసారి వచ్చి చూసి చెప్పు."

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు అక్కా, అనాలి. బుద్ధున్నవాడెవడైనా అదే అంటాడు. నేను మాత్రం, "ఆదివారం పొద్దున వస్తా. బావని ఇంట్లోనే ఉండమను. ఒక్క చూపులో తేల్చేస్తా" అన్నాను. తనిఖీకి వస్తున్నానని ముందే టముకు వేయించిన తనిఖీ అధికారిని నేనే అయి ఉంటాను.

ఆదివారం వెళ్ళేసరికి బావ గడ్డం గీసుకుని, ఇస్త్రీచొక్కా వేసుకుని, సోఫాలో పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చున్నాడు. కిటికీ దగ్గరికి కుర్చీ లాగి కూర్చోబెట్టాను. నటుల్ని పట్టుకున్నట్టే గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మొహం వెలుతురుకి తిప్పాను. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ పక్కనే నిలబడింది.

కళ్ళకింద చూశాను. ఇసుమంత నలుపు కూడా లేదు. పెదాలు పగల్లేదు. చెమట లేదు. జుట్టు నున్నగా దువ్వి ఉంది.

"ఏరా బామ్మర్దీ, పాసయ్యానా?" అన్నాడు బావ నవ్వుతూ, ముక్కు గోక్కుంటూ.

"ఫస్టు క్లాసు బావా! అక్కా, ఈయనకేం లేదు. నాలుగు రోజులు సరిగ్గా నిద్రపోతే జోగడం పోతుంది. ఇది మత్తు మనిషి మొహం కాదు, నేను రాసిస్తా" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఇంతకీ ఏం సబ్బు వాడుతున్నావు బావా, మొహం మెరిసిపోతోంది" అని కూడా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయి కళ్ళు తుడుచుకుంది. మూడు నెలలుగా భర్త జేబులు వెతుకుతున్నందుకు తనకే సిగ్గుగా ఉందని చెప్పింది. ఇక వెతకనంది. నేను టీ తాగి, ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికి వచ్చాను.

రెండు వారాల తర్వాత కొత్త సినిమా షూటింగు. వ్యసనం మాన్పించే ఆస్పత్రి సీను. అంతా సహజంగా ఉండాలని దర్శకుడు నిజంగానే ఆ దారిలో వెళ్ళి బయటపడ్డ ఒకావిడని సలహాకి పిలిపించాడు. యాభై ఏళ్ళుంటాయి, బ్యాంకులో ఉద్యోగం. చక్కగా జడ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. ఆవిణ్ణి కూడా వెనక మంచంమీద కూర్చోబెడదామన్నాడు దర్శకుడు. తీరా చూసి పెదవి విరిచాడు.

"ఈవిడ మరీ బాగుంది మాస్టారూ. కొంచెం పాడుచెయ్యండి."

నా పక్క కుర్చీలో హీరో ఉన్నాడు, ఒక కన్ను పూర్తయింది. అతన్ని ఆపి ఆవిడ మొహంమీద పని మొదలుపెట్టాను. వేలితో నలుపు అద్దుతుంటే ఆవిడ అద్దంలో చూసుకుని పకపకా నవ్వింది.

"మాస్టారూ, నేను మాత్రలు మింగిన ఆరేళ్ళలో ఒక్కరోజు కూడా ఇలా లేను. ఇలా ఉంటే మా ఇంట్లోవాళ్ళు మొదటి నెలలోనే పట్టుకునేవాళ్ళు."

"మరెలా ఉండేవారమ్మా?"

"ఇప్పటికంటే బాగుండేదాన్ని. దొరక్కూడదు కదా! పొద్దున్నే తలస్నానం, ఇస్త్రీ బట్టలు, ఎవరైనా చూడ్డానికొస్తున్నారంటే కాస్త మేకప్. మా ఆయన ఫ్రెండ్సు మీ ఆవిడ పదేళ్ళు తగ్గిందనేవాళ్ళు."

నాకు నవ్వొచ్చింది. "అయితే ఎవరూ కనిపెట్టలేరన్నమాట."

"కళ్ళలోకి చూస్తే తెలిసేది. కనుపాప మధ్య నల్ల చుక్క ఆవగింజంత అయిపోయేది, గదిలో వెలుతురు లేకపోయినా పెద్దదయ్యేది కాదు. ఒళ్ళంతా దురద. నేనయితే అస్తమానం ముక్కు గోక్కునేదాన్ని."

నా వేలు ఆవిడ కంటికింద ఆగిపోయింది.

బావ ముక్కు గుర్తొచ్చింది. దాని వెనకే ఇంకోటి గుర్తొచ్చింది, అది ఇంకా దారుణం. మా బావకి పుట్టుకతోనే కళ్ళకింద నలుపు. వాళ్ళ నాన్నకి ఉంది, వాళ్ళ చెల్లెలికి ఉంది. పెళ్ళిరోజు అది కనిపించకుండా ముందు నారింజరంగు పూసి, దానిమీద ఒంటిరంగు వేసింది నేనే. సాయంత్రం ఫొటోలప్పుడు ఆయనే వేసుకోవాలని దగ్గర కూర్చోబెట్టి నేర్పింది కూడా నేనే. ఏటా అక్కకి ఒక కొత్త మేకప్ పెట్టె ఇస్తాను, ఆవిడ దాని మూత కూడా తియ్యదు. ఆదివారం ఆ మొహంలో నలుపు లేదని నేను సంతోషించాను. అసలు ఆ మొహంలో నలుపు లేకపోవడమేమిటి? నా చేతిపని నా ఎదురుగా కూర్చుని నవ్వుతుంటే, ఏం సబ్బు వాడుతున్నావని అడిగిన నిపుణుణ్ణి నేను.

అక్కకి ఫోన్ చేశాను. "బావ ఎక్కడ?"

"పనికెళ్ళాడు. మా బడి వెనక అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోయిందట. ఎందుకురా?"

"ఊరికే" అన్నాను. సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాను. వెనక నుంచి హీరో, "మాస్టారూ, నా రెండో కన్ను!" అని అరుస్తున్నాడు.

అపార్ట్‌మెంటులో జనం మెట్లెక్కుతూ లిఫ్టువాణ్ణి తిట్టుకుంటున్నారు. గంట నుంచి చప్పుడే లేదట. నాలుగో అంతస్తుకి చేరాను. లిఫ్టు తలుపు బార్లా తెరిచి ఉంది. లిఫ్టు పైన ఎక్కడో ఆగిపోయింది, తలుపు అవతల నాలుగంతస్తుల గొయ్యి. దాని అంచున పనిముట్ల పెట్టెమీద కూర్చుని, చేతిలో స్పానర్‌తో, బావ జోగుతున్నాడు. తల ముందుకి వాలుతోంది, మళ్ళీ లేస్తోంది, మళ్ళీ వాలుతోంది. పాదాలు సగం గాలిలో ఉన్నాయి.

పిలిస్తే ఉలిక్కిపడతాడని పిలవలేదు. వెనక నుంచి వెళ్ళి రెండు చంకల్లోనూ చేతులు వేసి ఒక్క లాగు లాగాను. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. స్పానర్ గోతిలో పడింది. అది అడుక్కి చేరిన చప్పుడు వినబడేసరికి చాలాసేపు పట్టినట్టు అనిపించింది.

బావ కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టాడు. కనుపాపలో నల్లచుక్క ఆవగింజంతే ఉంది. ఎవరు చూడ్డానికొస్తారని వేసుకున్నాడో, ఆరోజు కూడా మేకప్ వేసుకున్నాడు. నేను సంచీలోంచి దూదీ క్రీమూ తీశాను. ఆయన ఆపలేదు. గోడకి ఆనించి కూర్చోబెట్టి కళ్ళకింద తుడిచాను. ముందు ఒంటిరంగు వచ్చింది, దాని కింద నారింజరంగు, దాని కింద మా బావ. పుట్టుకతో వచ్చిన నలుపే. మొహం మాత్రం నేను ఎరిగినదానికంటే సగమైంది.

"బాగానే వేశాను కదరా?" అన్నాడు.

"అంచులు కలపలేదు. నేనే చూసుకోలేదు." నాకు ఏడుపొచ్చేసింది. "మానేశానని ఎందుకు చెప్పావు బావా?"

"మానేద్దామనే అనుకున్నాను. మానేస్తే ఒళ్ళంతా విరిగిపోతుంది, రెండోరోజుకి మళ్ళీ మింగేస్తాను. ఆదివారం నువ్వు పట్టుకుంటావనుకున్నా. భయమేసింది. పట్టుకుంటే బాగుండుననీ అనిపించింది. నువ్వేమో ఫస్టు క్లాసన్నావు." నా చెయ్యి పట్టుకుని, "మీ అక్కకి చెప్పకు" అన్నాడు.

"చెబుతాను" అన్నాను. "నా మాట నమ్మి నీ జేబులు వెతకడం మానేసింది బావా. ఇప్పుడు నువ్వు అందులో పడి ఉంటే..."

అక్కకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. బడినుంచి సుద్దముక్క చేత్తో పట్టుకునే వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టే దింపింది. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్పించాం. ఆ బ్యాంకు ఆవిడే అడ్రసు ఇచ్చింది.

మూడోరోజు చూడ్డానికి వెళ్ళాను. తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయాను. మంచంమీద నా క్లైమాక్స్ మొహం పడుకుని ఉంది. కళ్ళకింద రెండు పూతల నలుపు, పగిలిన పెదాలు, నుదుటిమీద చెమట చుక్కలు, రేగిపోయిన జుట్టు, వణుకు. ఏదీ నా పెట్టెలోంచి తీసింది కాదు. ఇరవై రెండేళ్ళుగా మత్తులో ఉన్నవాడి మొహమని నేను వేస్తూ వచ్చింది, మత్తు మానడానికి పెనుగులాడేవాడి మొహమట. దీనికి పాట లేదు. ఇంకా ఎన్ని రోజులో డాక్టరు కూడా చెప్పలేదు, మానాక కూడా జాగ్రత్తగా ఉండాలన్నాడు.

బావ నన్ను చూసి, పళ్ళు పటపటలాడుతుంటేనే, "ఫస్టు క్లాసేనా?" అన్నాడు. నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నాడు.

అక్క తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తోంది. మూడు రోజులుగా నిద్రలేక ఆవిడ కళ్ళకింద కూడా నలుపు పడింది. గుడ్డ పిండుతూ, ఎప్పటిలాగే, జరిగిందంతా జరిగాక కూడా, నావైపు తిరిగింది.

"నువ్వు చూసి చెప్పరా. నిన్నటికంటే నయంగా ఉన్నాడా?"

వంగి బావ మొహం చూశాను. కళ్ళకింద కాదు, కళ్ళలోకి. ఆయనా నన్నే చూస్తున్నాడు, నేనేం చెబుతానా అని భయంభయంగా.

"నాకు తెలీదక్కా" అన్నాను. "నాకు ఏమీ తెలీదు. డాక్టర్ని పిలుచుకొస్తాను, ఉండు."