తనిఖీకి పనికిరాని పిల్ల

తనిఖీ అంటేనే నాకు వెగటు. ఏడాదంతా పాఠం ఎలా చెబుతున్నామో ఎవరికీ పట్టదు. ఆ ఒక్క పూట కోసం మాత్రం వారం రోజులు నాటకం ఆడాలి.

మూడో తరగతికి క్రియలు చెప్పడానికి నేను పెద్దగా ఏమీ చెయ్యను. బల్ల మీద ఒక చెంబు, గ్లాసు పెడతాను. పిల్లలు నీళ్లు పోస్తూనే చెప్పాలి: పోస్తాను, పోస్తున్నాను, పోశాను. పక్కవాడు "నీళ్లు పొయ్యి!" అని హుకుం జారీ చేస్తాడు. "ఎక్కువ పోస్తే ఒలుకుతాయి" అని ఇంకొకరు బెదిరిస్తారు. బల్ల తడిసి ముద్దవుతుంది. పాఠం వంటబడుతుంది.

ఆ క్లాసులో ఒక పిల్లను అందరూ 'గుసగుస' అంటారు. బడిలో చేరి రెండేళ్లయినా పైకి ఒక్క మాట మాట్లాడింది లేదు. తనిఖీకి రెండు వారాల ముందు ఒక సోమవారం చెంబు ఒరిగి గౌను తడిసేసరికి, "అయ్యో, ఒలికిపోయాయి టీచర్!" అని అరిచింది. క్లాసంతా నోరెళ్లబెట్టింది. అప్పటినుంచి రోజుకొక వాక్యం గట్టిగా చెప్పసాగింది. నాకైతే ఏనుగెక్కినంత సంబరం.

తనిఖీ కబురు రాగానే పెద్దసారు వచ్చి ముందు చెంబు తీయించేశారు. ఎవరికి ఏ ప్రశ్నో, ఏ జవాబో చీటీలు రాసి పంచారు.

"ఆ పిల్లని సామాన్ల గదిలో కూర్చోబెట్టండి టీచర్. నోరు మెదపకపోతే మన పరువేం కావాలి?"

"ఇప్పుడిప్పుడే మాట్లాడుతోందండీ."

"అయితే వచ్చే ఏడు చూద్దాం లెండి."

ఒళ్లు మండింది. మండి ఏం లాభం? తలాడించాను. తనిఖీ రోజు పొద్దున్నే నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ గదిలో కూర్చోబెట్టాను.

అధికారి వచ్చారు. పిల్లలు చీటీల్లోవి చిలకల్లా అప్పజెప్పారు. నిన్న ఏం చేశావని అడిగితే, కంగారులో ఒకడు "రేపు బడికి వస్తాను" అన్నాడు. అధికారి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "శభాష్" అన్నారు. పెద్దసారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కారు కదలగానే సామాన్ల గదికి పరుగెత్తాను. విరిగిన స్టూళ్లు, ఎలుకల కంపు. వాటి మధ్య ఆ పిల్ల మా చెంబును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వాళ్లు వెళ్లిపోయారమ్మా. ఇక మాట్లాడొచ్చు. ఏదీ, ఒక్క మాట చెప్పు."

నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. పొద్దున తలుపు దగ్గరికి వేస్తూ నేను చేసిన సైగ అది.